12 బార్ల బ్లూసా, 32 బార్ల పాటా?

జాజ్ సోలోలు (ఒక్కరే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే భాగాలు) ఎక్కువగా నడిచేది ఈ రెండు చట్రాల మీదే. బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది. ఏ చట్రం ముందు నేర్చుకోవాలన్నదే ప్రశ్న.

సి-లో (సి స్వరం ఆధారంగా) బ్లూస్ అయితే సి7 కార్డు (chord, కలిపి మోగించే స్వరాల గుంపు) నాలుగు బార్లు, ఎఫ్7 రెండు, సి7 రెండు, ఆపై జి7, ఎఫ్7 ఒక్కోటి, చివర సి7 రెండు. మూడే కార్డులు. లెక్క తప్పినా అయిదో బార్‌లో ఎఫ్7 వినగానే దారి దొరుకుతుంది. రాక్ అండ్ రోల్ దీన్ని దాదాపు ఉన్నదున్నట్టే ఎత్తుకుంది. చక్ బెర్రీ 1958 నాటి 'జానీ బి. గుడ్' 12 బార్లే.

రెండోది, అంటే 32 బార్లది, బ్రాడ్‌వే (న్యూయార్క్ సంగీత నాటకాల) పాటల సొత్తు. ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు: ఎ, ఎ, బి, ఎ (ఇవి స్వరాలు కావు, ముక్కల పేర్లు; ఎ-లన్నీ ఒకే వరస, బి వేరేది). స్వరకర్త గెర్ష్విన్ 1930 నాటి 'ఐ గాట్ రిథమ్' కార్డుల వరస బి-ఫ్లాట్‌లో వాయిస్తే, బి ముక్కలో డి7, జి7, సి7, ఎఫ్7 రెండేసి బార్లు వస్తాయి. అసలు చిక్కు అక్కడ కాదు. చివరి ఎ అయ్యాక మళ్లీ మొదటికొస్తే మూడు ఎ-లు వరుసగా పడతాయి. కొత్తవాళ్లు ఒకటి మింగేసి బి-లోకి దూకేస్తారు. అప్పుడు బేస్ (bass, మంద్ర స్వరాల వాద్యం) వినడమే మందు.

ముందు బ్లూసే పట్టండి.