వీ-క్రాస్‌కి 30 మిల్లీమీటర్ల స్పేసర్లు: మూడు వానాకాలాలు, ఒక బేరింగు

మా బండి ఇసుజు వీ-క్రాస్ పికప్. సగం చెరువుల కోసం, సగం నా సరదా కోసం కొన్నాను. మాది రాజోలు పక్కన. ఇంటి దగ్గర కొబ్బరి తోట, అంతర్వేది వైపు రొయ్యల చెరువులు. రోజుకి 40, 50 కిలోమీటర్లు తిరుగుతుంది, అందులో మూడో వంతు పుంతలూ చెరువు గట్లూ. స్పేసర్లు వేయించి మూడేళ్లు దాటింది, వాటి మీద 52,000 కిలోమీటర్లు అయ్యాయి. వేయించిన నెలలోనే రాసుంటే ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ముందు రెండూ పీకేశాను, వెనక రెండూ ఉంచాను.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. స్పేసరంటే హబ్‌కీ (ఇరుసు చివర చక్రం బిగించే భాగం) చక్రానికీ మధ్య పెట్టే అల్యూమినియం బిళ్ల. చక్రం అంతమేరా బయటికి జరుగుతుంది. పక్కకి 30 అంటే రెండు పక్కలా కలిపి 60 మిల్లీమీటర్లు, రెండంగుళాల పైమాట. వీ-క్రాస్‌కి ఆరు స్టడ్లు, అంటే చక్రం నట్లు ఎక్కే మర బోల్టులు. అవి కూర్చునే గుండ్రం అడ్డం (పీసీడీ) 139.7 మిల్లీమీటర్లు, మర 12 బై 1.5. నేను తీసుకున్నవి మొదట హబ్‌కి నట్లతో బిగించి, వాటికే ఉన్న స్టడ్ల మీద చక్రం ఎక్కించే రకం. నాలుగూ కలిపి 18,000 అయింది. ఐదో పదో మిల్లీమీటర్ల పల్చటి బిళ్లలు కూడా దొరుకుతాయి, స్టడ్లు లేకుండా ఊరికే మధ్యలో దూర్చేవి, వాటి జోలికి పోకండి. ఉన్న స్టడ్డు పొడవునే అవి తినేస్తాయి, నట్టుకి పట్టు మిగలదు. 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద నట్టు కనీసం ఎనిమిది చుట్లు ఎక్కాలి, చేత్తో తిప్పి లెక్కపెట్టుకోండి.

వేయించిన రోజు బండి నిజంగా బాగుంది. మా అమ్మ అయితే అరుగు మీంచి చూసి "ఏంట్రా, బండి కాళ్లు ఎడంగా పెట్టుకున్న గిత్తలా ఉంది" అంది. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను. ఎదుర్లంక వంతెన మీద గాలి కొట్టినా బండి కదలట్లేదని నెల రోజులు అందరికీ చెప్పాను. అది స్పేసర్ల మహిమో, డబ్బులు పెట్టినవాడి మనసో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అసలు నేను వేయించింది ఊగుడు తగ్గుతుందని. వెనక మేత బస్తాలు గానీ కొబ్బరికాయలు గానీ ఎత్తుగా వేసుకుని మలుపు తిరిగితే బండి ఒక పక్కకి వాలుతుంది కదా, చక్రాలు ఎడం అయితే ఆ వాలుడు పోతుందనుకున్నాను. పోలేదు. ఎందుకో తెలియడానికి నాకు ఏడాది పట్టింది. వెనక రెండు చక్రాలకీ కలిపి ఒకటే మొద్దు ఇరుసు, దాని మీద లీఫ్ స్ప్రింగులు. చక్రాన్ని ఎంత బయటికి జరిపినా రెండు స్ప్రింగు కట్టల మధ్య దూరం మారదు, తొట్టి ఊగేది వాటి మీదే. బండి తిరగబడే ప్రమాదం కాస్త తగ్గుతుంది, నిజమే, కానీ ఊగడం అలాగే ఉంటుంది. ముందువైపు ఇంకో తమాషా. అక్కడ చక్రాలు దేనికది విడిగా ఆడతాయి, చక్రం బయటికి జరిగితే స్ప్రింగు మీద మీట పొడవు పెరిగినట్టే, దాంతో స్ప్రింగు ఇంకాస్త మెత్తబడుతుంది. బ్రేకు వేస్తే మూతి మునుపటికంటే ఎక్కువ కిందికి దిగుతోందని మా మెకానిక్ నాకంటే ముందే పట్టాడు.

ఇక స్టీరింగు. గుంటలో ఒక చక్రం పడితే చేతిలో స్టీరింగు పీక్కుంటుంది. చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీతకి టైరు దూరమైంది, ఇంకేం చేస్తుంది పాపం. తారు రోడ్డు మీద పెద్దగా తెలియదు, వానల తర్వాత లంక రోడ్ల మీద మాత్రం మణికట్లు నొప్పి పెట్టేవి. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌ఫ్లాప్‌కి గీసుకునేది కూడా, దాన్ని ఒక అంగుళం కత్తిరించాను.

చెరువు గట్టు మీద జరిగింది అన్నిటికన్నా ముఖ్యం. గట్టు మీద బండ్లు తిరిగి తిరిగి రెండు గాళ్లు పడి ఉంటాయి, అక్కడ మట్టి గట్టిపడి ఉంటుంది. మామూలుగా నా టైర్లు ఆ గాళ్లలోనే పడేవి. స్పేసర్ల తర్వాత ఒక టైరు గాడిలో ఉంటే రెండోది గాడి దాటి అంచున మెత్తటి మన్ను మీద నడుస్తోంది. మొదటి వానాకాలం తెల్లవారుజామున చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ ఆగిపోయిందని ఫోనొస్తే హడావుడిగా వెళ్తున్నాను, ఎడమ వెనక చక్రం కింద అంచు జారి బండి చెరువు వైపు ఒరిగింది. దిగి చూస్తే ఇంకో అడుగు ఉంది నీళ్లకి. గట్టు మీద భద్రంగా ఉంటుందని వేయించినవి అంచుకి తీసుకెళ్లి నిలబెట్టాయన్నమాట. ట్రాక్టరు వచ్చి లాగేదాకా మా వాచ్‌మన్ టార్చి పట్టుకుని నిలబడి, "అండీ, మీ బండికి ఈ గట్టు చాలట్లేదండీ" అన్నాడు. కోపం వచ్చింది కానీ అతను చెప్పింది అబద్ధం కాదు.

ఉప్పు గురించి చెప్పకపోతే ఈ రాత దండగ. అల్యూమినియం, ఇనుము ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నప్పుడు మధ్యలో ఉప్పు నీళ్లు చేరితే అల్యూమినియం తినేయబడుతుంది. మా చెరువులు ఉప్పునీటివి, సముద్రం గాలి సరే సరి. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి విప్పబోతే ముందు కుడి స్పేసరు హబ్‌కి కరుచుకుపోయింది. చుట్టూ తెల్లటి పొడి. చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో అరగంట కొట్టాక ఊడింది. అప్పటినుంచీ మూడు నెలలకోసారి విప్పి, వైరు బ్రష్‌తో రుద్ది, హబ్ ముఖానికి పల్చగా యాంటీ సీజ్ (కరుచుకోనివ్వని పేస్టు) రాసి పెడుతున్నాను. అది స్టడ్ల మర మీద మాత్రం పడనివ్వకండి, మర జారుడైతే టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) చూపించేదానికంటే ఎక్కువ బిగుసుకుంటుంది. నేను 120 న్యూటన్ మీటర్లకి బిగిస్తాను, మీరు మీ బండి పుస్తకంలో ఎంతుంటే అంతకి బిగించండి. బిగించాక వంద కిలోమీటర్లు తిరిగి మళ్లీ చూడాలి. ఇదొక్కటీ మానొద్దు.

ఎందుకంటే ఒకసారి మానాను. ఒక టైరు కొట్టులో టైర్లు మార్పించేటప్పుడు పనిలో పనిగా స్పేసరు నట్లు కూడా చూడమన్నాను. ఆ కుర్రాడు ఎయిర్ గన్‌తో టర్రున బిగించేశాడు, నేను టీ తాగుతున్నాను. నాలుగు రోజులకి 216 నంబరు హైవే మీద 70లో ఉండగా వెనకనుంచి టకటక. బయటికి కనిపించే చక్రం నట్లు అన్నీ గట్టిగానే ఉన్నాయి. చక్రం విప్పితే తెలిసింది, లోపల స్పేసరుని పట్టుకునే నట్లలో రెండు చేత్తో తిరుగుతున్నాయి. పైనుంచి చూసి ఎవరూ కనిపెట్టలేరు, ఈ వస్తువుతో అసలు భయం అదే. మరుసటి రోజే టార్క్ రెంచ్ కొన్నాను.

41,000 దగ్గర ముందు ఎడమ బేరింగు హోరు మొదలైంది. స్పేసర్ల వల్లే అని కాగితం మీద రాసివ్వలేను, చెరువు నీళ్లలో దిగే బండి కదా. కానీ చక్రం బయటికి జరిగితే బేరింగు మీద మెలి పెరుగుతుందన్నది లెక్కే. కొత్త బేరింగు వేయించిన రోజే ముందు రెండూ పీకించేశాను. స్టీరింగు మళ్లీ నా మాట విన్నట్టనిపించింది.

మరి వెనకవి ఎందుకుంచానంటారా? బురద. మా నల్ల బురద టైరుకీ స్ప్రింగు కట్టకీ మధ్య ఇరుక్కుని ఎండితే సిమెంటే. స్పేసర్ల వల్ల ఆ సందు పెరిగి, బురద దానంతటదే రాలిపోతోంది. కాకపోతే ఆ రాలే బురదంతా తొట్టి పక్కకీ వెనక వచ్చే మోటారు సైకిలాయన మొహం మీదకీ పోతుంది, దానికి వెడల్పు మడ్‌గార్డ్ అంచులు వేయించాను, మరో 6,000. మైలేజీలో తేడా ఏమీ కనపడలేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకునే దిగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ లెక్కకి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 జరిమానా వేయొచ్చు. నన్నెవరూ ఆపలేదు. బీమా వాళ్లకి చెప్పానా అంటే, చెప్పలేదు. తప్పే. వెనకవి ఉంచాలా వద్దా అన్నదాంట్లో నన్ను ఇంకా పీకుతున్నది ఇదే.

చక్రాలు ఎడంగా కావాలనే పట్టుదల ఉంటే చక్రాన్ని బయటికి జరిపే, అంటే ఆఫ్‌సెట్ తక్కువున్న రిమ్ములు చూడండి. స్టీరింగు, బేరింగు బాధలు వాటితోనూ ఉంటాయి, కానీ మధ్యలో కనపడని ఆరు నట్లు ఉండవు. స్పేసరే కావాలంటే మీ హబ్ మధ్యలో ఉబ్బెత్తు భాగాన్ని కొలిపించి, సరిగ్గా దాని మీద కూర్చునే బొక్క ఉన్నదే తీసుకోండి. బొక్క పెద్దదైతే స్పేసరు మధ్యకి రాదు, 80 దాటగానే వణుకు.

తీసేసిన రెండూ నూనె పూసి గోనెసంచిలో చుట్టి కొబ్బరి కొట్టులో పెట్టాను. భీమవరం బావగారు తన బండికి కావాలని రెండుసార్లు అడిగారు. ముందు ఆ గట్టు మీదకి ఒకసారి రండి బావగారూ, బండి నేనే నడిపి చూపిస్తాను అన్నాను. ఇంకా రాలేదు.