సాంబా ఏళ్ల తరబడి వాడాక: పర్మిషన్ల గోల ఎంతవరకు తీరింది

మాది చిన్న డిజైనింగ్, ప్రింటింగ్ యూనిట్. డీటీపీకి విండోస్, ఫొటోల పనికి మ్యాక్, అందరి ఫైళ్లూ ఉండేది ఒక ఉబుంటు (లైనక్స్) సర్వర్‌లో, ఆ సర్వర్‌లో సాంబా, అంటే లైనక్స్ సర్వర్‌లోని ఫోల్డర్లను నెట్‌వర్క్‌లో విండోస్‌కీ మ్యాక్‌కీ అందించే సాఫ్ట్‌వేర్. ఏళ్లుగా ఇదే వాడుతున్నా. ఫ్రీగా వచ్చేవాటిలో ఇంతకంటే గట్టిది నాకు తెలియదు, ఒకసారి కుదిరిందంటే నెలల తరబడి దాని ఊసే ఎత్తక్కర్లేదు, కానీ ఇన్‌స్టాల్ చేసి అలాగే వదిలేస్తే మాత్రం మొదటి వారంలోనే పర్మిషన్ల పంచాయితీ మొదలవుతుంది.

పంచాయితీ ఎలా ఉంటుందంటే, విండోస్ మీద ఒకతను పెళ్లికార్డు ఫైల్ సేవ్ చేస్తాడు. మ్యాక్ మీద అమ్మాయి అదే ఫైల్ తెరిస్తే శుభ్రంగా తెరుచుకుంటుంది, పేరులో అక్షరం దిద్ది సేవ్ కొడితే కుదరదంటుంది. "అన్నా, నీ దగ్గర ఓపెన్‌లో ఉంది, క్లోజ్ చెయ్" అని ఇక్కణ్ణుంచి కేక. అతను క్లోజ్ చేసినా అదే తంతు. ఎందుకంటే అది లాక్ కానే కాదు. సాంబాలో కొత్త ఫైల్‌కి డిఫాల్ట్ క్రియేట్ మాస్క్ (హక్కులకు పెట్టే హద్దు) 0744, ఫోల్డర్‌కి 0755. అంటే తయారుచేసినవాడు రాయొచ్చు, మిగతావాళ్లు చదువుకోవాలి, అంతే.

దీనికి ఎవర్ని అడిగినా వెంటనే చెప్పే మందు సీహెచ్‌మాడ్ 777, అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేసే కమాండ్. పనిచేస్తుంది, సాయంత్రం దాకా. రేపు పుట్టే ఫైల్ మళ్లీ 744తోనే పుడుతుంది, మళ్లీ 777 కొట్టాలి. ఈలోగా బిల్లింగ్ ఫోల్డర్ తలుపులు కూడా బార్లా తెరిచి ఉంటాయి. ఉన్న ఫైళ్ల సంగతి కాదు, కొత్త ఫైల్ ఏ గ్రూప్‌తో, ఏ హక్కులతో పుడుతోంది అన్నది సరిచేస్తేనే ఈ గోల తీరుతుంది.

మా దగ్గర నిలబడిన సెటప్ ఇది. డిజైన్ అని ఒక లైనక్స్ గ్రూప్, పనిచేసే ప్రతి ఒక్కరికీ సొంత అకౌంట్, అందరూ ఆ గ్రూప్‌లో. షేర్‌లోని, అంటే సాంబా అందరికీ పంచే చోటులోని, ఫోల్డర్లన్నిటికీ ఆ గ్రూప్ ఇచ్చి 2770 (ఓనర్‌కీ గ్రూప్‌కీ పూర్తి హక్కులు, బయటివాళ్లకు ఏమీ లేవు) పెట్టాను. ముందున్న ఆ 2 చాలా ముఖ్యం, లోపల ఏది పుట్టినా ఫోల్డర్ గ్రూపే దానికీ వస్తుంది. సాంబా కాన్ఫిగ్‌లో ఫోర్స్ గ్రూప్ డిజైన్, క్రియేట్ మాస్క్, ఫోర్స్ క్రియేట్ మోడ్ రెండూ 0660 (ఓనర్, గ్రూప్ చదవొచ్చు, రాయొచ్చు), డైరెక్టరీ మాస్క్, ఫోర్స్ డైరెక్టరీ మోడ్ రెండూ 2770. మాస్క్ పని హక్కులు కోయడం, ఫోర్స్ పని కలపడం, అందుకే రెండూ రాశాను. వాలిడ్ యూజర్స్‌లో ఆ గ్రూప్ తప్ప ఇంకెవరూ లేరు. పాత ఫైళ్లకు ఇవేవీ వాటంతట అవి వర్తించవు, ఫైళ్లకు వేరుగా ఫోల్డర్లకు వేరుగా ఫైండ్ కమాండ్‌తో ఒకసారి దిద్దుకోవాలి. సేవ్ చేశాక టెస్ట్‌పార్మ్ (సాంబా కాన్ఫిగ్‌ని సరిచూసే కమాండ్) నడిపితే అక్షరదోషాలు అక్కడే పట్టేస్తుంది.

ఇక్కడే నా అసలు ఫిర్యాదు. ఆండ్రూ ట్రిడ్జెల్ 1992 ప్రాంతంలో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది, ముప్పై ఏళ్లలో ఒకే పనికి నాలుగు దారులు పోగుపడ్డాయి. ఎక్కడో చూసి ఇన్‌హెరిట్ పర్మిషన్స్ కూడా ఎస్ అని పెట్టారనుకోండి, పైన చెప్పిన మాస్కులూ ఫోర్సులూ పక్కకు పోతాయి, ఎర్రర్ ఏమీ రాదు, ఎందుకు పనిచేయట్లేదో తెలియక తల పట్టుకోవాలి. ఫోర్స్ యూజర్ ఇంకో షార్ట్‌కట్, అందరి ఫైళ్లకూ ఒకే ఓనర్ అయిపోతాడు కాబట్టి గొడవే ఉండదు. ఇంట్లో సినిమాలు, ఫొటోలు పెట్టుకునే షేర్‌కి అదే పెట్టుకోండి, హాయి. ఆఫీసులో మాత్రం ఫైల్ ఎవరిదో ఓనర్ పేరు చూసి చెప్పలేం, నేను వాడను.

ఇన్ని చేసినా జారిపోయేవి ఉన్నాయి. సర్వర్ మీదే లాగిన్ అయి సొంత ఫోల్డర్‌లోంచి ఫైల్‌ని షేర్‌లోకి మూవ్ చేస్తే అది పాత గ్రూప్‌నీ పాత హక్కుల్నీ వెంటేసుకుని వస్తుంది, 2770 దాన్నేమీ చేయలేదు, కాపీ చేస్తే కనీసం కొత్త గ్రూప్ వస్తుంది. విండోస్ సర్వర్లలో ఒకే డ్రైవ్ లోపల మూవ్ చేసినా ఇలాంటి తిప్పలే. "ఈ ఒక్క ఫోల్డరే రావట్లేదు" అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది దాన్ని ఎలా తెచ్చారనే.

గ్రూప్‌లో కొత్తగా చేర్చినా అతనికి ఫోల్డర్ తెరుచుకోకపోవడం ఇంకోటి. విండోస్ పాత కనెక్షన్‌నే పట్టుకుని కూర్చుంటుంది, గ్రూపుల లెక్క కనెక్ట్ అయినప్పుడు తీసుకున్నదే, కాబట్టి సైన్ అవుట్ చేసి రావాలి, లేదా నెట్ యూజ్ అనే విండోస్ కమాండ్‌తో ఆ కనెక్షన్ తీసేయాలి. ఒకే సర్వర్‌కి ఒకే సమయంలో రెండు యూజర్ పేర్లతో వెళ్లనివ్వదు కూడా, 1219 ఎర్రర్ వస్తే అదే. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా నడుపుకుంటున్న పాత షేర్లు ఉంటే విండోస్ 11 24హెచ్2 తర్వాత చాలావరకు తెరుచుకోవు, రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్‌లలో) కెలికే బదులు ప్రతివాళ్లకీ అకౌంట్ ఇచ్చేయడం మేలు.

మ్యాక్‌లకు సాంబాలో ఫ్రూట్ అనే మాడ్యూల్ పెట్టాలి, దానితోపాటు కాటియా, స్ట్రీమ్స్ ఎక్స్‌ఆట్టర్ అనే ఇంకో రెండు. ఫ్రూట్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ ఏసెస్ అనే ఆప్షన్‌కి నో చెప్పండి, లేదంటే మనం కష్టపడి పెట్టిన మోడ్‌లను మ్యాక్ వైపు నుంచి మార్చే వీలుంటుంది. తెలుగులో ఫైల్ పేర్లు పెట్టేవాళ్లకు ఒక విచిత్రం: మ్యాక్ పాత డిస్క్ ఫార్మాట్‌లో ఐత్వం రెండు ముక్కలుగా విడిపోయి నిల్వ ఉంటుంది. అలాంటి డిస్క్ నుంచి ఆర్‌సింక్‌తో (ఫైళ్లు కాపీ చేసే కమాండ్) నేరుగా తెస్తే సర్వర్‌లో "మైలవరం" అని రెండు ఫోల్డర్లు, చూడ్డానికి అచ్చు ఒకేలా, పక్కపక్కన. ఒకదాంట్లో ఫైల్ లేదంటే పర్మిషన్లలో వెతికి లాభం లేదు. పేర్లలోని అక్షరాల రూపాన్ని మార్చే ఐకాన్వ్ ఆప్షన్ ఆర్‌సింక్‌లో ఉంది, దీనికి అది వాడాలి.

షేర్ వాడే లైనక్స్ కంప్యూటర్ ఉంటే మౌంట్ చేసేటప్పుడు (షేర్‌ని తగిలించుకునేటప్పుడు) యూఐడీ, జీఐడీ (యూజర్, గ్రూప్ నంబర్లు) ఇవ్వండి, లేకపోతే అన్నీ రూట్ (అడ్మిన్) ఓనర్‌గా కనిపిస్తాయి. మామూలు సెటప్‌లో అది కనిపించడం వరకే కాదు, ఆ ఓనర్ లెక్కతోనే ఆ కంప్యూటరే రాయనివ్వకుండా ఆపేయొచ్చు, అది దాటాక సర్వర్ కూడా ఒప్పుకోవాలి.

రెడీమేడ్ నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ పెట్టె) కొనమంటారా అని మా వాళ్లే అడుగుతుంటారు. వాటిలో చాలావాటి లోపల నడిచేదీ సాంబాయే, పైన టిక్కులు పెట్టే స్క్రీన్ ఉంటుంది. టెర్మినల్ అంటే భయమైతే నిక్షేపంగా అదే కొనుక్కోండి. నాకు మాత్రం టిక్ పెడితే వెనక ఏ లైన్ రాసిందో కనబడాలి, అందుకే ఇంకా ఉబుంటు మీదే ఉన్నా.