రాయగడ క్వార్టరా, హైదరాబాద్ ప్యాకేజీనా? ఫైనాన్స్ మేనేజర్‌కి ఏది మేలు

ఆఫర్ లెటర్‌లో పైన కనిపించే అంకెను చూసి ఉద్యోగం మారొద్దు. ఆ అంకెలో కంపెనీ కట్టే పీఎఫ్ ఉంటుంది, ఐదేళ్లు నిండితేగాని చేతికి రాని గ్రాట్యుటీ ఉంటుంది, పనితీరునిబట్టి ఇచ్చే, ఎంతొస్తుందో ఎవరూ చెప్పలేని వేరియబుల్ ఉంటుంది. ఇవన్నీ పక్కన పెట్టాక నెలాఖరున బ్యాంకులో పడేదెంత, అందులో ఇంటద్దె పోగా మిగిలేదెంత? పోలిక అక్కడ మొదలవ్వాలి.

ఒడిశాలో మా రాయగడ వైపు ఈ లెక్క మరీ ముఖ్యం. జేకేపూర్ కాగితం మిల్లు, తేరుబాలి ఫెర్రో ఎల్లాయ్స్, టికిరి దగ్గర అల్యూమినా రిఫైనరీ, ఇంకొంచెం పైకెళ్తే కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో ప్రభుత్వ రంగ అల్యూమినియం కంపెనీ నాల్కో. ఈ ఫ్యాక్టరీల చుట్టూ ఉన్న అకౌంట్స్ ఆఫీసుల్లో పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు నుంచి వచ్చిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. బజారులో తెలుగు చెల్లుతుంది, ఆఫీసులో హిందీ ఒడియా కలగలిపి నడుస్తుంది. కంపెనీ క్వార్టర్ దొరికినవాళ్ల ఖర్చుల్లో ఇంటద్దె అనే పద్దే ఉండదు.

ఏటా ఇంక్రిమెంట్ లెటర్లు అందే రోజుల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, హైదరాబాద్‌లో 24 లక్షలు ఇస్తానంటున్నారు. నేనిక్కడ పద్దెనిమిదిన్నర దగ్గరే ఆగిపోయాను. వెళ్లిపోనా?" అడిగేవాళ్లు పదేళ్లో పన్నెండేళ్లో సర్వీసున్న సీఏలు, సీఎంఏలు (కాస్ట్ అకౌంటెంట్లు). డిప్యూటీ మేనేజర్, మేనేజర్ హోదాలు. సరే, ఆ రెండంకెలే తీసుకుని లెక్క వేద్దాం. ఆఫర్లు ఉదాహరణకి, పన్ను మాత్రం 2025-26 కొత్త విధానం స్లాబుల ప్రకారం.

ముందు రాయగడ. పద్దెనిమిదిన్నర లక్షల్లో కోతలకు ముందు నెల జీతం, అంటే గ్రాస్, 1,25,000. ఏడాదికి 15 లక్షలు. బేసిక్ 75,000. మిగతాది కంపెనీ పీఎఫ్, గ్రాట్యుటీ, 2 లక్షల వేరియబుల్. క్వార్టర్ ఉచితమే అయినా దాని మీద పన్ను ఉంది. 2023 సెప్టెంబర్ నుంచి, 40 లక్షల జనాభా దాటిన నగరంలో కంపెనీ సొంత ఇల్లు ఇస్తే జీతంలో 10 శాతం, 15 లక్షల లోపు ఊళ్లో 5 శాతం ఆదాయంగా కలుపుతారు. రాయగడకి 5 శాతమే, అంటే 75,000. స్టాండర్డ్ డిడక్షన్ కూడా 75,000 కాబట్టి ఇదీ అదీ చెల్లుకు చెల్లు. పన్ను 15 లక్షల మీద పడుతుంది. సెస్‌తో కలిపి 1,09,200, నెలకి 9,100. పీఎఫ్ 9,000, ప్రొఫెషన్ ట్యాక్స్ 200 పోగా చేతికి 1,06,700. అద్దె లేదు కాబట్టి ఇంట్లో మిగిలేదీ అంతే.

ఇప్పుడు హైదరాబాద్. 24 లక్షల్లో 20 శాతం వేరియబుల్, అంటే 4,80,000 అప్పుడే పక్కకు పోయింది. బేసిక్ లక్ష అనుకుంటే కంపెనీ పీఎఫ్ 1,44,000, గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 57,700. ఇవి తీసేస్తే గ్రాస్ నెలకి 1,43,000 చిల్లర. రాయగడ గ్రాస్ కంటే 18,000 మాత్రమే ఎక్కువ! పన్ను నెలకి 11,150, పీఎఫ్ 12,000, ప్రొఫెషన్ ట్యాక్స్ అక్కడా 200. చేతికి 1,19,800. కొండాపూర్ వైపు రెండు పడగ్గదుల ఇంటికి మెయింటెనెన్స్‌తో కలిపి 30,000 అనుకోండి. మిగిలేది 89,800. కొత్త విధానంలో హెచ్ఆర్ఏ (ఇంటద్దె అలవెన్స్) మినహాయింపు లేదు కాబట్టి ఆ అద్దె వల్ల పన్నులో పైసా తగ్గదు.

ఐదున్నర లక్షలు ఎక్కువిస్తామన్న ఉద్యోగం నెలకి 17,000 తక్కువ మిగులుస్తోందన్నమాట.

న్యాయంగా చెప్పాలంటే, వేరియబుల్ రెండుచోట్లా నూటికి నూరు శాతం వస్తే సంగతి మారుతుంది. రాయగడ 2 లక్షల్లో పన్ను పోగా 1,61,500, హైదరాబాద్ 4,80,000లో 3,73,700 చేతికొస్తాయి. అప్పుడు ఏడాది మొత్తం రాయగడలో 14.42 లక్షలు, హైదరాబాద్‌లో 14.52 లక్షలు. సమానమే అనుకోవచ్చు. పీఎఫ్ ఖాతాలో మాత్రం ఉద్యోగి వాటా, కంపెనీ వాటా కలిపి హైదరాబాద్ వాళ్లకి నెలకి 6,000 ఎక్కువ జమవుతుంది. దాన్ని కాదనను. కానీ ఈ సమానత్వం కోసం 4,80,000 పూర్తిగా రావాలి. అసలు పేచీ అక్కడే.

వేరియబుల్‌ని మనవాళ్లు బోనస్ అని పిలుస్తారుగాని, చట్టం చెప్పే బోనస్ వేరు. 2025 నవంబర్‌లో వేతన కోడ్ వచ్చి దాని స్థానం తీసుకునేదాకా, 1965 బోనస్ చట్టం నెలకి 21,000 లోపు జీతగాళ్లకి వర్తించేది, 8.33 నుంచి 20 శాతం. దసరా ముందు ఫ్యాక్టరీ వర్కర్ల బోనస్ షీటు సరిచూసి సంతకం పెట్టేది మనమే. వాళ్లకి తేదీ ఉంది, శాతం ఉంది, వెనక యూనియన్ ఉంది. మనకున్నది లెటర్ చివర అనుబంధంలో ఒక వాక్యం. కంపెనీ పనితీరు, విభాగం పనితీరు, వ్యక్తిగత రేటింగ్‌లకి లోబడి, యాజమాన్యం విచక్షణ మేరకు, చెల్లింపు తేదీకి ఇంకా ఉద్యోగంలో ఉన్నవారికి మాత్రమే. అందులో ప్రతి ముక్కా డబ్బు తగ్గించడానికి పెట్టిందే.

కంపెనీ పనితీరు అన్న మాట ఫ్యాక్టరీల్లో మరీ చేదు. 2022 మార్చిలో లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో అల్యూమినియం టన్ను 4,000 డాలర్లు దాటింది. అదే ఏడాది సెప్టెంబర్‌కి 2,200 దగ్గరికి పడిపోయింది. ఆ ఆరు నెలల్లో ఏ ఫ్యాక్టరీలోనూ అకౌంట్స్ మేనేజర్ పనితనం సగానికి పడిపోలేదు కదా! మార్చి 31 సాయంత్రం ఆడిటర్లతో యార్డులో నిలబడి బొగ్గు గుట్ట కొలిపించి, బుక్ స్టాక్‌కీ గుట్టకీ తేడా ఎందుకొచ్చిందో రాత్రి పదకొండింటిదాకా వివరణ రాసే మనిషి అంతే కష్టపడతాడు. లాభం మాత్రం ధరతో పాటు దిగిపోతుంది, స్కోర్‌కార్డు దాని వెంటే. ఫెర్రో క్రోమ్ అయినా కాగితం గుజ్జు అయినా ఇదే తంతు. ఆ విషయంలో హైదరాబాద్ సర్వీస్ కంపెనీలు కొంత నయం, ధరల కుదుపు అంత ఉండదు. కానీ అక్కడ వ్యక్తిగత రేటింగ్ బెల్ కర్వ్‌లో పడుతుంది, అంటే పై రేటింగ్ కొద్దిమందికే, ఎక్కువమందికి మధ్య రేటింగే. కొత్తగా చేరినవాడికి మొదటి ఏడాది పై రేటింగ్ దక్కడం అరుదు, పైగా చేరిన తేదీ నుంచి దామాషా లెక్క.

ఒక చిన్న మెలిక. చెల్లింపు సాధారణంగా ఆడిట్ అయ్యాక, మే జూన్‌లలో. నోటీసు 90 రోజులు. ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చి మేలో బయటికొస్తే, ఏడాదంతా చేసిన పనికి వేరియబుల్ అక్కడే వదిలేసినట్టు. కొత్త కంపెనీని ఆ మేరకు జాయినింగ్ బోనస్ అడగాలి. అదిచ్చినప్పుడు ఏడాదిలోపో, రెండేళ్లలోపో మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు పెడతారు. ఆ తిరిగి కట్టేది పన్ను కోశాక మీకొచ్చిన మొత్తమా, కోయకముందు మొత్తమా అని లెటర్‌లో చూసుకోవాలి. 3 లక్షలిచ్చి, టీడీఎస్ కోసి 2.4 చేతిలో పెట్టి, వెళ్లేటప్పుడు 3 లక్షలూ కట్టమనే లెటర్లు నేను చూశాను.

దామన్‌జోడి సంగతి రెండు ముక్కల్లో. అది మూడో దారే అయినా నడివయసులో దొరికే దారి కాదు. ప్రభుత్వ రంగంలో ఎక్కువమంది పాతికేళ్ల వయసులో పరీక్ష రాసి చేరతారు, మధ్యలో మేనేజర్‌గా దూరే ఖాళీలు తక్కువ. దొరికితే వదలొద్దు. 2017 సవరణ ప్రకారం అధికారుల గ్రేడుల్లో ఈ4 బేసిక్ స్కేలు 70,000 నుంచి 2,00,000, దాని మీద మూడు నెలలకోసారి మారే డీఏ, బేసిక్‌లో 35 శాతం దాకా ఇతర సదుపాయాలు, ఏటా 3 శాతం ఇంక్రిమెంట్. వాళ్ల బోనస్‌ని పీఆర్పీ, అంటే పనితీరుకి ముడిపెట్టిన చెల్లింపు, అంటారు. సర్కారుతో కుదుర్చుకున్న ఒప్పందంలో కంపెనీకి ఎక్సలెంట్ వస్తే నూరు శాతం, వెరీ గుడ్‌కి 75, గుడ్‌కి 50, ఫెయిర్‌కి 25, పూర్ అయితే సున్నా. అదీ లాభాల్లోంచే ఇవ్వాలి. లోహం ధర వాళ్లనీ వదలదుగాని, మన లెటర్లలో లేని స్పష్టత వాళ్ల నిబంధనల్లో ఉంది.

అయితే రాయగడే మేలని తేల్చేస్తానా? అలా అనను. పై లెక్కని ఒక్క దెబ్బతో తిరగేసే సంగతి ఒకటుంది, ఇంట్లో రెండో జీతం. భార్యో భర్తో టీచరైనా, సాఫ్ట్‌వేర్ అయినా, బ్యాంకు అయినా, హైదరాబాద్‌లో ఆ మనిషికి పని దొరుకుతుంది. టికిరిలో దొరకదు. నెలకి 40,000 వచ్చినా చాలు, క్వార్టర్ లాభం మొత్తం కొట్టుకుపోతుంది. మా వైపు మగవాళ్లు ఈ మాట లెక్కలో వేయరు. క్వార్టర్‌లో కూర్చుని చదువు మర్చిపోతున్న ఎంబీఏ ఆడవాళ్లని అడగండి, వాళ్లు వేస్తారు.

రెండోది వయసు. ముప్పై ఐదు లోపు ఉంటే, నెలకి 17,000 నష్టమైనా వెళ్లడంలో అర్థముంది. ఫ్యాక్టరీలో కాస్టింగ్ (ఉత్పత్తి ఖర్చు లెక్క), స్టోర్స్, కాస్ట్ ఆడిట్ చేతికొస్తాయి. ట్రెజరీ (కంపెనీ నగదు, అప్పుల నిర్వహణ), గ్రూప్ కన్సాలిడేషన్ (అనుబంధ కంపెనీల లెక్కలన్నీ ఒకటిగా కలపడం), బోర్డుకి వెళ్లే అంచనాలు మాత్రం హెడ్ ఆఫీసులోనే నేర్చుకోవాలి. తర్వాతి ఉద్యోగం జీతం వాటి మీదే ఆధారపడుతుంది. నలభై దాటి, పిల్లాడు తొమ్మిదిలోనో పదిలోనో ఉంటే నేనైతే కదలొద్దంటాను. ఇంటర్‌కి ఎలాగూ విశాఖ పంపాలి, రాయగడ నుంచి రైల్లో అది పూట ప్రయాణం. హైదరాబాద్ నుంచి ఊరికి రావాలంటే మాత్రం నేరుగా ఉన్న నాగావళి ఎక్స్‌ప్రెస్ రోజూ ఉండదు, పండగలకి టికెట్ దొరకదు.

ఇక వెళ్లేవాళ్లు ఎంత అడగాలి? వేరియబుల్ సున్నా అనుకుని, అద్దె పోగా రాయగడలో మిగిలే 1,06,700 అక్కడా మిగలాలంటే, 20 శాతం వేరియబుల్ ఉన్న ప్యాకేజీ 28 లక్షలుండాలి. లెక్క వేసి చూశాను, 1,06,740 దగ్గర తేలుతుంది. అంటే 28 అనేది లాభం కాదు, మారినందుకు నష్టం లేకుండా ఉండే హద్దు. 24 అన్నవాళ్లు 28కి తేలిగ్గా ఒప్పుకోరు, 26 దగ్గర ఆగుతారు. అక్కడ బేరం మొత్తం మీద కాదు, వాటాల మీద పెట్టండి. 26లోనే వేరియబుల్ 10 శాతానికి తగ్గించి ఆ తేడా ఫిక్స్‌డ్‌లో కలపమనండి. బేసిక్ ప్యాకేజీలో సగమే అనుకున్నా, చేతికి 1,45,200 వస్తుంది. 20 శాతం వేరియబుల్ ఉన్న 28 లక్షల లెటర్ చేతికిచ్చేది 1,36,700. రెండు లక్షలు తక్కువ కనిపించే లెటర్, నెలకి 8,500 ఎక్కువిస్తుంది.

హెచ్ఆర్ వాళ్లు పాలసీ ఒప్పుకోదంటారు. అప్పుడు ఒకటే ప్రశ్న అడగండి: గత మూడేళ్లలో ఈ గ్రేడుకి సగటున ఎంత శాతం చెల్లించారు? మెయిల్‌లో జవాబిస్తే దాన్నిబట్టి లెక్క కట్టుకోండి. ఫోన్‌లో చెబుతామంటే వేరియబుల్ గడిలో సున్నా వేసుకుని, ఆ సున్నాతోనే 28 అడగండి.