ఆరా డీబీనా, నెప్ట్యూనా? గ్రాఫ్ డేటాబేస్ క్లౌడ్‌లో ఏది మేలు

"గ్రాఫ్ డేటాబేస్‌ని సొంతంగా సర్వర్ మీద నడుపుకునే ఓపిక లేదు, క్లౌడ్‌లో ఏది తీసుకోమంటారు?" ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇదే. గ్రాఫ్ డేటాబేస్ అంటే మనుషులు, అకౌంట్ల లాంటివాటినీ, వాటి మధ్య బంధాలనీ కలిపి దాచేది. కాస్త కదిపితే అందరి లిస్టులోనూ చివరికి మిగిలేవి రెండే: నియోఫోర్‌జే వాళ్ల ఆరా డీబీ, అమెజాన్ నెప్ట్యూన్.

అసలు మీకు గ్రాఫ్ కావాలా అన్నది ముందు తేల్చుకోండి. రెండు జాయిన్‌లతో, అంటే పట్టికల్ని కలపడంతో, తెమిలిపోయే పనైతే ఉన్న పోస్ట్‌గ్రెస్ లాంటి మామూలు డేటాబేస్ చాలు. బంధాల వెంట నాలుగైదు అంచెలు లోపలికి వెళ్లాల్సి వస్తేనే ఈ చర్చ.

అందరూ మొదట చూసేది ధర. ఆరాలో మెమరీ ఎన్ని జీబీలన్నదాన్ని బట్టి బిల్లు, కాబట్టి నెలాఖరున ఎంతొస్తుందో ముందే తెలుస్తుంది. నెప్ట్యూన్‌లో ఇన్‌స్టెన్స్‌కి (అద్దె సర్వర్‌కి) వేరు, స్టోరేజీకి వేరు, మామూలు స్టోరేజీ పద్ధతిలో ఐ/ఓకి (డేటా చదవడం, రాయడానికి) ఇంకో లెక్క. వాడకాన్ని బట్టి పెరిగి తగ్గే సర్వర్‌లెస్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ అది సున్నాకి దిగదు. ఎవరూ వాడని రాత్రిపూట కూడా కనీస మీటరు తిరుగుతూనే ఉంటుంది. మామూలు క్లస్టర్‌ని ఆపి పెట్టుకోవచ్చు గానీ, 7 రోజులకి అదే మళ్లీ లేచి కూర్చుంటుంది.

అయినా నా లెక్కలో తేల్చేది ధర కాదు. క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, నెమ్మదించినప్పుడు ఎందుకో మీకు కనబడుతుందా, కనబడ్డాక మీ చేతిలో ఏమైనా ఉందా అన్నదే అసలు సంగతి. గ్రాఫ్‌లో ఈ తలనొప్పి ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

ఉదాహరణకి పేమెంట్ మోసాలు పట్టే గ్రాఫ్ తీసుకుందాం. అకౌంట్లు, ఫోన్ నంబర్లు, డివైజ్‌లు అన్నీ నోడ్‌లే, అంటే బంధాలు తగులుకునే బిందువులే. ఎవరో ఉత్సాహంగా పిన్‌కోడ్‌ని కూడా నోడ్ చేశారు. ఒక్క 500072కే వేల అకౌంట్లు తగులుకుని ఉంటాయి. ఇప్పుడు "ఈ అకౌంట్‌తో నాలుగు అంచెల్లో ఎవరెవరు కలుస్తున్నారు" అని అడిగితే, దారి ఆ పిన్‌కోడ్ మీదుగా పోయి సగం కూకట్‌పల్లిని పట్టుకొస్తుంది.

ఆరాలో అయితే క్వెరీ ముందు ప్రొఫైల్ అని చేర్చి నడిపితే చాలు. ఏ మెట్టులో ఎన్ని వరసలు వచ్చాయో, డేటాబేస్‌ని ఎన్నిసార్లు తట్టిందో బొమ్మగా గీసి చూపిస్తుంది. పదుల్లో ఉన్న వరసలు ఎక్కడ లక్షలయ్యాయో కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పిన్‌కోడ్‌ని ప్రాపర్టీగా (అకౌంట్‌లోనే ఒక వివరంగా) మార్చాలా, ఫలానా బంధాల వెంటే వెళ్లమని చెప్పాలా, త్వరగా వెతకడానికి ఇండెక్స్ వేయాలా అన్నది అక్కడే తేలిపోతుంది. ఒకే ఫోన్ నంబరు రెండు నోడ్‌లు కాకుండా కన్‌స్ట్రెయింట్ (నియమం) కూడా పెట్టుకోవచ్చు.

నెప్ట్యూన్‌లోనూ క్వెరీ ఎలా నడుస్తుందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ ఉంది, గ్రెమ్లిన్ అనే క్వెరీ భాషకి ప్రొఫైల్ ఉంది. కాకపోతే వచ్చేది అక్షరాల పట్టిక, చదవడం అలవాటు కావాలి. ఇండెక్స్‌లు అదే చూసుకుంటుంది, మీరు కొత్తవి వేయలేరు. డేటాబేస్ చూసుకునే డీబీఏ లేని టీమ్‌కి ఇది హాయే, అన్నీ సవ్యంగా నడిచినంత కాలం. యూనిక్‌గా ఉంచేది నోడ్ ఐడీనీ, బంధం ఐడీనీ మాత్రమే. అందుకే ఫోన్ నంబరునే ఐడీగా పెట్టాలని మొదటి రోజే తెలిసుండాలి. ఆరాలో అలవాటైన అపాక్ (నియోఫోర్‌జే అదనపు లైబ్రరీ) ఫంక్షన్లు ఇక్కడ దొరకవు.

అలాగని నెప్ట్యూన్‌ని తీసిపారేయలేం. డేటాని మూడు అవైలబిలిటీ జోన్లలో (విడివిడి డేటా సెంటర్లలో) 6 కాపీలుగా ఉంచుతుంది, చదవడానికే ఉండే 15 రీడ్ రెప్లికాల దాకా ఇస్తుంది. మీ మిగతా యాప్ అంతా అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోనే ఉంటే పర్మిషన్లు, నెట్‌వర్క్ అన్నీ పాత పద్ధతిలోనే నడిచిపోతాయి. మామూలుగా ఇది మీ వీపీసీ (క్లౌడ్‌లో మీ సొంత నెట్‌వర్క్) లోపలే ఉంటుంది, ల్యాప్‌టాప్ నుంచి నేరుగా తట్టడం కుదరదు. డెవలపర్‌కి చిరాకే గానీ సెక్యూరిటీ వాళ్లకి పండగ. పేమెంట్ డేటా దేశంలోనే ఉండాలని 2018 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ చెప్పింది కాబట్టి ఆ రంగంలో ఉన్నవాళ్లు రీజియన్ (సర్వర్లు ఉండే ప్రాంతం) కూడా చూసుకోవాలి. నెప్ట్యూన్ ముంబైలో ఉంది. ఆరాలో ప్లాన్‌ని బట్టి రీజియన్లు మారతాయి. ఇక మీ డేటా ఆర్‌డీఎఫ్ అనే రూపంలో ఉండి, దాన్ని అడిగే స్పార్కిల్ భాష కావాలంటే ఈ రెండింట్లో వాదనే లేదు, నెప్ట్యూనే.

ఒకదాంట్లో దిగితే అందులోనే ఇరుక్కుపోతామన్న భయం మునుపటంత అక్కర్లేదు. రెండూ సైఫర్ అనే క్వెరీ భాషని అర్థం చేసుకుంటాయి. 2024లో ఐఎస్‌ఓ ప్రమాణంగా వచ్చిన గ్రాఫ్ క్వెరీ భాష జీక్యూఎల్ కూడా చాలావరకు ఆ పోలికే.

మిగతావి: మైక్రోసాఫ్ట్ అజూర్‌లోని కాస్మోస్ డేటాబేస్‌కి గ్రెమ్లిన్ ఉంది, పార్టిషన్ కీ (డేటాని ముక్కలుగా పంచే ఆధారం) తప్పుగా ఎంచుకుంటే చుక్కలు చూపిస్తుంది. టైగర్‌గ్రాఫ్ భారీ విశ్లేషణకి బాగుంటుంది, దాని సొంత భాష జీఎస్‌క్యూఎల్ నేర్చుకోవాలి. డేటా ఇప్పటికే గూగుల్ స్పానర్‌లో ఉంటే స్పానర్ గ్రాఫ్ చూడండి, లేకపోతే దాని కోసమే అక్కడికి వెళ్లనక్కర్లేదు.

ముగ్గురు నలుగురు ఉన్న టీమ్ అయితే నేను ఆరాతోనే మొదలుపెట్టమంటాను. ఉచిత ప్లాన్‌లో 2 లక్షల నోడ్‌లు, 4 లక్షల బంధాలు పడతాయి. మీ డేటాలో అన్నిటికంటే ఎక్కువ బంధాలున్న నోడ్‌ని కచ్చితంగా అందులో వేసి, దాని మీదుగా పోయే క్వెరీనే నడిపి చూడండి. క్లయింట్‌కి చూపించాల్సిన డెమో మాత్రం ఉచిత ప్లాన్‌లో పెట్టుకోకండి. 3 రోజులు వాడకపోతే దాన్ని ఆపేస్తారు, అలా ఆగి 30 రోజులైతే డేటాతో సహా తీసేస్తారు.