‘బిఫోర్ ఐ డై’ గోడ: తెలుగులో పెడితే ఎంతవరకు పనిచేస్తుంది?

ఆత్మీయురాలు పోయిన దిగులులోంచి క్యాండీ చాంగ్ అనే కళాకారిణి 2011లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న ఒక పాడుబడ్డ ఇంటికి బ్లాక్‌బోర్డ్ పెయింట్ వేసి, ‘బిఫోర్ ఐ డై ఐ వాంట్ టు’ (చచ్చేలోపు నేను చేయాలనుకునేది) అని వరసగా అచ్చు కొట్టి, పక్కన ఖాళీ గీతలు వదిలారు. సుద్దముక్కలు అక్కడే పెట్టారు. మర్నాటికి గోడ నిండిపోయింది. ఆ తర్వాత 75కి పైగా దేశాల్లో 5,000 పైచిలుకు గోడలు లేచాయి. విషాదం నుంచి కోలుకుంటున్నవాళ్ల కోసం దీన్ని మన దగ్గర పెట్టాలనుకుంటే మా రేటింగ్ ఐదుకి మూడున్నర.

మొదటి చిక్కు వాక్యంతోనే. నిన్నగాక మొన్న ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ల ముందు ‘చచ్చేలోపు నేను’ అని పెడితే ‘అవేం మాటలు’ అని తప్పుకుంటారు. పైగా తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, తర్జుమా చేస్తే ఖాళీ నడుమ ఇరుక్కుంటుంది. ‘నాకు తోడు నిలిచింది ______’ అనండి. మా అక్క, పక్కింటి పిన్నిగారు, ఆటోస్టాండ్ వాళ్లు, ఏది రాసినా అతుకుతుంది.

తోడు గురించే ఎందుకంటే, 2000లో బ్రూయిన్, ఆండ్రూస్, వాలెంటైన్ 77 పరిశోధన పత్రాలు కలిపి చూశారు. పీటీఎస్‌డీతో (ఘోరమైన అనుభవం తర్వాత మనసుని పట్టి పీడించే జబ్బుతో) బలంగా ముడిపడ్డవాటిలో నలుగురి ఆసరా లేకపోవడం ఒకటని తేలింది. ఈ గోడ లోపం సరిగ్గా ఇక్కడే ఉంది: రాసినదానికి జవాబు రాదు. అందుకే రెండు బోర్డులు పెట్టాలి. ఎడమదాని మీద ‘నాకు కావాల్సిన సాయం’, కుడిదాని మీద ‘నేను చేయగల సాయం’. ‘ధైర్యంగా ఉండు’ కన్నా ‘సోమ, బుధవారాలు పిల్లల్ని బడి నుంచి తెస్తాను’ అనేది పదిరెట్లు నయం. రోజూ సాయంత్రం ఒకరు నోటుబుక్కు పట్టుకుని కూర్చుని, రెండువైపులవాళ్లూ ఒప్పుకుంటేనే వాళ్లని కలపాలి. ఫోన్ నంబర్లు బోర్డు మీద రాయనివ్వొద్దు. ఆ మనిషి దొరక్కపోతే ఈ పని మొదలుపెట్టకండి, ఎడమ బోర్డు నిండి కుడిది బోసిగా మిగిలితే ఏ బోర్డూ లేకపోవడమే మేలు.

సామాను సంగతి. 8×4 అడుగుల ప్లైవుడ్, ఒక పూత ప్రైమర్, రెండు పూతలు బ్లాక్‌బోర్డ్ పెయింట్. మూడు రోజులు ఆరనిచ్చి, సుద్దముక్కని అడ్డంగా పట్టుకుని బోర్డంతా రుద్ది, పొడిగుడ్డతో తుడవాలి. ఇది మానేస్తే మొదటి రోజు రాతలు ఎంత తుడిచినా నీడలా కనిపిస్తూనే ఉంటాయి. కన్నీళ్లతో రాసిన మాట మీద ఇంకొకరు రాయాల్సి రావడం బాగోదు.

స్టెన్సిల్ (అక్షరాల ఆకారం కోసిన అట్ట) దగ్గర ఇంగ్లీషు కొలతలు పనికిరావు. సున్నా, ‘ర’ లాంటి అక్షరాల్లో లోపలి ముక్క ఊడిపోయి నల్లటి చిల్లు కాస్తా తెల్లటి చుక్క అవుతుంది. సన్నటి వంతెనలు వదిలి కోయించాలి. పైన గుడి, కింద ఒత్తు ఢీకొనకుండా వరసకీ వరసకీ కనీసం నాలుగు అంగుళాలు ఉంచాలి. తెల్ల పెయింట్‌ని స్పాంజితో పొడిపొడిగా అద్దాలి, ఎక్కువైతే అట్ట కిందకి పాకుతుంది. కింది రెండు వరసలు చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్లకి అందాలి.

ఇక అసలు భయం. ‘ఇక బతకాలని లేదు’ అని ఎవరైనా రాస్తే? ఎవరు రాశారో తెలీదు, వెతికి పట్టుకోలేం. అందుకని 14416 (మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్) నంబరుని పై అంచున చెరగని పెయింట్‌తో వేయించాలి, బోర్డు తెరిచి ఉన్నంతసేపూ మనిషి ఉండాలి. రాత్రికి కప్పెయ్యండి. తుడిచే రోజు ముందే చెప్పండి, కావాల్సినవాళ్లు తమ రాత ఫొటో తీసుకుంటారు.