ఇంజన్ సైకిల్ చైన్ టెన్షనర్: 4 ఏళ్లు వాడాక నా మాట

మా మామిడి తోట నూజివీడు దగ్గర. డ్రిప్ వాల్వులు తిప్పడానికి, కూలీలకు నీళ్లు, సామాను అందించడానికి రోజుకు ఐదారుసార్లు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరగాలి. చెట్ల మధ్య గట్ల మీద మోపెడ్ బరువు, పైగా ఇరుకు, అందుకని 2021లో సైకిల్‌కు బిగించుకునే టూ స్ట్రోక్ ఇంజన్ కిట్ ఒకటి తెప్పించుకున్నాను. అమ్మేటప్పుడు 80 సీసీ అంటారు గానీ బోరు 47 మి.మీ., స్ట్రోకు 38 మి.మీ., లెక్క కడితే వచ్చేది 66 సీసీయే. ఒక మాట ముందే చెప్పాలి: మన మోటారు వాహనాల చట్టంలో మినహాయింపు 25 సీసీ దాటని ఇంజన్‌కే, కాబట్టి దీన్ని నేను రోడ్డెక్కించను, తోట లోపలే తిప్పుతాను.

ఇంజన్ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. నాకు చుక్కలు చూపించింది చైన్ టెన్షనర్.

కొత్తవాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తాను. పెడల్ చైన్ కుడి పక్క, ఇంజన్ చైన్ ఎడమ పక్క, రెండూ వెనక ఉన్న ఒకే ఇరుసు మీద ఆధారపడతాయి. పెడల్ చైన్ సరిచేద్దామని ఇరుసు వెనక్కి లాగితే ఇంజన్ చైన్ బిగుసుకుపోతుంది, దీన్ని సరిచేస్తే అది వేలాడుతుంది. అందుకే ఎడమ పక్క చైన్‌కు కింద నుంచి ఒత్తిపెట్టే చిన్న రోలర్ ఇస్తారు, అదే టెన్షనర్. వెనక ఇరుసుకు వెళ్లే కింది పైపుకు ఒక రేకు క్లాంపు, దానికి వేలాడే పట్టీ, పట్టీ చివర ప్లాస్టిక్ రోలర్, అంతే సరుకు. ఆ పైపేమో నున్నగా ఉంటుంది, వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది, క్లాంపుకు గట్టి పట్టు ఎక్కడ దొరుకుతుంది?

మూడో నెలలో జరిగింది. డ్రిప్ ఫిల్టర్ కడిగి తిరిగొస్తూ పెడల్ తొక్కి క్లచ్ వదిలాను, ఇంజన్ అందుకుంది, పది గజాలు పోగానే టప్‌మని శబ్దం వచ్చి వెనక చక్రం పట్టేసింది. దిగి చూస్తే క్లాంపు పైపు చుట్టూ తిరిగిపోయి రోలర్ స్పోకుల మధ్యకు దూరి ఉంది, ఏడు స్పోకులు తెగాయి, రిమ్ములో బెండ్ వచ్చింది. మెత్తటి ఎర్రమట్టి, మెల్లగా పోతున్నాను కాబట్టి మోకాలు గీసుకోవడంతో సరిపోయింది. స్పీడుగా పోతూ ఉండి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది.

తర్వాత ఏడాది పాటు నేను చేసినవన్నీ రోగం ఒకచోట మందు ఇంకోచోట అన్నట్టే. పాత ట్యూబు ముక్క చుట్టి క్లాంపు బిగించాను, చైన్ నుంచి చిమ్మే ఆయిల్ అందులోకి ఇంకి వారం తిరిగేసరికి జారడం మొదలైంది. బోల్టులు ఇంకా బిగిస్తే రేకు క్లాంపు వంగింది, పైపు కూడా కాస్త నొక్కుకుంది. పైపుకు బెజ్జం వేసి బోల్టు దూర్చేయమని ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చెయ్యకండి, ఆ పైపు గోడ పల్చన, వెనక బరువంతా మోసేది అదే, బెజ్జం దగ్గర పగులు మొదలైతే ఫ్రేము విరగడానికి ఎక్కువ రోజులు పట్టదు.

చివరికి మా ఊరి వెల్డింగ్ షాపు పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లి, బాబాయ్, ఈ క్లాంపు పైపుకే అతికించెయ్ అన్నాను. ఆయన వెల్డింగ్ ముట్టుకోలేదు. సైకిల్ తలకిందులుగా పెట్టి వెనక చక్రం మెల్లగా తిప్పుతూ చైన్ మీద వేలు పెట్టి చూశాడు. "చూడు బాబూ, ఇక్కడ వేలాడుతుంది, అర చుట్టు తిప్పితే తీగలా బిగుస్తుంది, రోలర్ ఏం చేస్తుంది పాపం" అన్నాడు.

నాకు విషయం అర్థమైంది అప్పుడే. వెనక చైన్ ఎక్కే 44 పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్, చక్రం నడిమి హబ్‌కు కాదు, రబ్బరు బిళ్లల మధ్య స్పోకులకు 9 బోల్టులతో పట్టి ఉంటుంది. దాని నడిమి రంధ్రం హబ్ కన్నా పెద్దది కాబట్టి ఎటైనా జరగొచ్చు. నాది 4 మి.మీ. పక్కకు కూర్చుంది. వేలాడే చోట చూసి టెన్షనర్ బిగిస్తే, బిగుసుకునే చోటికి వచ్చేసరికి చైన్ రోలర్‌ను గుద్దుతుంది. 26 అంగుళాల చక్రం కిలోమీటరుకు దాదాపు 480 సార్లు తిరుగుతుంది, అంటే అన్ని దెబ్బలు. ఇక క్లచ్ వదిలి స్టార్ట్ చేసే క్షణంలో చక్రమే ఇంజన్‌ను తిప్పుతుంది, అప్పుడు లాగుడంతా కింది వరస చైన్ మీద పడుతుంది, సరిగ్గా రోలర్ ఉన్న వరస అదే. నా క్లాంపు స్టార్ట్ చేసిన వెంటనే తిరిగిందంటే ఆశ్చర్యమేముంది.

స్ప్రాకెట్ సెంటర్ చెయ్యడానికి నాకు సగం రోజు పట్టింది. ఒక ఇనుప చువ్వను ఫ్రేముకు కట్టి, కొస పళ్లకు తగిలీ తగలనట్టు పెట్టి చక్రం తిప్పాలి, తగిలిన చోట బోల్టులు వదులు చేసి చిన్న సుత్తితో మెల్లగా తట్టి జరపాలి. ఆ తర్వాత చువ్వను పక్కకు మార్చి అటూ ఇటూ ఊగుడు చూడాలి. బోల్టులు వరసగా కాకుండా ఎదురెదురుగా, ఒక్కొక్కటి కాస్త కాస్త బిగించాలి, అతిగా బిగిస్తే స్పోకులు లాగేసి రిమ్ము ఔట్ అవుతుంది. నా స్ప్రాకెట్ తేడా 1 మి.మీ. కన్నా తక్కువకు వచ్చింది. రెండు రోజులు నడిపాక రబ్బరు సర్దుకుంటుంది, అప్పుడు మళ్లీ బిగించాలి, ఇది మర్చిపోతే చేసిందంతా వృథా. ఇంకో సంగతి, ఈ 9 బోల్టుల లెక్క 36 స్పోకుల చక్రానికి కుదురుతుంది. మన పాత 28 అంగుళాల సైకిళ్లకు వెనక 40 స్పోకులు ఉంటాయి, వాటికి ఇది సరిగా కూర్చోదు, సైకిల్ కొనేముందే లెక్కపెట్టుకోండి.

టెన్షనర్‌ను అలాగే వదిలెయ్యలేదు. పైపు సైజుకు సరిపడే అర గొట్టాలు రెండు కోయించి కొత్త క్లాంపు చేయించాను. దాని నుంచి వెనక ఇరుసు నట్టు కిందికి 3 మి.మీ. మందం ఇనుప పట్టీ ఒకటి వేయించాను, ఇప్పుడు క్లాంపు తిరగాలన్నా ఈ పట్టీ తిరగనివ్వదు. నన్నడిగితే మొత్తం రిపేరులో ఎక్కువ భద్రత ఇచ్చేది ఈ పట్టీయే, ఖర్చూ తక్కువే. కిట్‌తో వచ్చిన రోలర్ ఎండకు, దుమ్ముకు అరిగి మధ్యలో గాడి పడింది, లేత్ షాపులో నైలాన్ రోలర్ తీయించి రెండు 608 బేరింగులు వేయించాను. 8 మి.మీ. బోల్టు అందులో సరిగ్గా పడుతుంది, ఆ బేరింగులు ఎక్కడైనా దొరుకుతాయి. రోలర్, ఇంజన్ దగ్గరి 10 పళ్ల స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ ఒకే గీతలో ఉన్నాయో లేదో దారం పట్టి చూసుకోండి. చైన్‌ను పక్కకు నెట్టే పని రోలర్‌కు అప్పజెప్పకూడదు.

టెన్షన్ ఎంత ఉండాలంటే, చైన్ బాగా బిగుసుకునే చోట ఆపి, కింది వరస మధ్యలో వేలితో కదిపితే 12 నుంచి 15 మి.మీ. ఆడాలి. క్లాంపు నట్టు మీద, పైపు మీద కలిపి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీశాను. పొద్దున్నే తీసేటప్పుడు ఒక చూపు చూస్తాను, గీత విడిపోతే ఆ రోజు పానా పట్టకుండా కదలను.

ఇలా సరిచేసి మూడేళ్లు దాటింది, క్లాంపు ఒక్కసారి కూడా తిరగలేదు. గత ఏడాది ఒక బేరింగ్ మార్చాను. చైన్ కిట్‌తో వచ్చినదే, 415 సైజు, దానికి బదులు మామూలు సైకిల్ చైన్ వెయ్యకండి, వెడల్పు చాలదు. 24 లింకులు కొత్తలో 305 మి.మీ. ఉంటాయి, నిన్న కొలిస్తే 308కి వచ్చింది. కాయ కోతలు మొదలయ్యేలోపు కొత్తది వేస్తాను.