ఎయిర్ ఫ్రయర్‌లో శనగలు: కరకరలాడతాయి, కానీ 10 నిమిషాల్లో కాదు

నాలుగు లీటర్ల ఎయిర్ ఫ్రయర్ (వేడి గాలితో వేయించే మెషిన్) నేను తీసుకున్నదే ముఖ్యంగా కాబూలీ శనగలు వేయించుకోవడానికి. చిప్స్ మానేయాలంటే చేతికి అందేలా కరకరలాడేది ఇంకోటి ఇంట్లో ఉండాలి కదా. మెషిన్ మంచిదే, గొడవంతా దాంతో వచ్చిన వంటల పుస్తకంతోనే. ఉడికించిన శనగలకు 200 డిగ్రీలు, 10 నిమిషాలు అని రాశారు. అలా చేస్తే రంగు బాగా వస్తుంది, వేడి మీద ఒకటి నోట్లో వేసుకుంటే కరకరమంటుంది కూడా, కాసేపాగి చల్లారాక ఇంకోటి తినండి, పళ్ల కింద సాగుతుంది.

ఎందుకంటే ఉడికిన శనగ బరువులో సగానికి పైగా నీళ్లే. ఎక్కువ వేడికి పైపొర త్వరగా ఎండి ఎర్రబడుతుంది, లోపలి తేమ లోపలే ఉండిపోతుంది, చల్లారేకొద్దీ అది మెల్లగా పైకి వచ్చి ఆ పొరను మెత్తబరుస్తుంది. అనుమానమైతే ఒక గింజను వేళ్లతో చిదిమి చూడండి. మధ్యలో ముద్దగా ఉండి వేలికి అంటుకుంటే ఇంకా టైమ్ ఉంది. పూర్తిగా వేగిన గింజ చితకదు, టక్కున రెండుగా విరుగుతుంది, లోపల పొడిపొడిగా ఉంటుంది.

నాకు బాగా కుదిరింది ఏంటంటే, ముందు 190లో ఓ 12 నిమిషాలు, తర్వాత 150కి తగ్గించి ఇంకో 10, 12 నిమిషాలు, మధ్యమధ్యలో బుట్ట తీసి కుదపడం. మొదట్లో కుదిపితే బరువుగా, చప్పుడు లేకుండా కదులుతాయి, చివరికి వచ్చేసరికి గలగలమంటాయి, టైమర్ కంటే ఆ చప్పుడునే నమ్మండి. మెషిన్‌ని బట్టి, గింజ సైజును బట్టి రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది.

అసలు సగం పని మెషిన్ ఆన్ చేయకముందే అయిపోవాలి. రాత్రంతా నానబెట్టి, మెత్తగా చితికిపోకుండా ఉడికించి, నీళ్లు పూర్తిగా వార్చేసి, పొడి గుడ్డ మీద పలచగా పరిచి కనీసం గంటసేపు ఆరనివ్వాలి. ముందురోజే ఉడికించుకుంటే ఇంకా మంచిది, ఒక ప్లేట్‌లో పరిచి మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో వదిలేయండి, అక్కడి పొడి గాలికి పైన తడి బాగా లాగేస్తుంది. డబ్బాలో వచ్చే ఉడికిన శనగలైనా అంతే, కడిగి ఆరబెట్టాల్సిందే. గుడ్డతో రుద్దేటప్పుడు ఊడిన పొట్టు మాత్రం ఏరి పారేయండి, అన్నీ కూర్చుని ఒలవక్కర్లేదు. ఈ మెషిన్‌లో ఇది ముఖ్యం, ఊడిన పొట్టు తేలిక కాబట్టి ఫ్యాన్ గాలికి ఎగిరి పైనున్న వేడి కాయిల్‌కి అంటుకుని మాడు వాసన వస్తుంది.

నూనె ఒక టీస్పూన్ చాలు, అది ముందే పట్టించాలి. ఉప్పు, కారం, జీలకర్ర పొడి అన్నీ బయటికి తీశాక, వేడిగా ఉన్నప్పుడే కలపాలి. కారం ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది, పైగా ఆ ఘాటుకి ఇంట్లో వాళ్లంతా దగ్గుతారు. నిమ్మరసం తినే ముందు పిండుకోండి, ముందే వేస్తే మళ్లీ తడే.

నాకున్న పెద్ద కంప్లయింట్ బుట్ట సైజు. లీటర్లు చూసి మోసపోవద్దు, శనగలకు కావాల్సింది లోతు కాదు, అడుగు వెడల్పు. ఒకే వరసలో పరచగలిగినన్నే వేయాలి, నా దాంట్లో ఉడికిన శనగలు కప్పున్నర మించి పట్టవు. ఇంకా పోస్తే ఒకదాని ఆవిరికి ఇంకోటి మెత్తబడుతుంది. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి ఓకే, ఎక్కువమంది ఉంటే ఓవెనే నయం. 200 డిగ్రీల్లో 35, 40 నిమిషాలు పడుతుంది కానీ పెద్ద ట్రే నిండా ఒకేసారి అవుతాయి, ఆపేశాక తలుపు కొంచెం తెరిచి అందులోనే చల్లారనిస్తే ఇంకాస్త ఆరతాయి కూడా.

శబ్దం భరించలేనంత లేదు, కడగడం తేలిక, బుట్టలో స్టీల్ గరిటె మాత్రం పెట్టకండి, కోటింగ్ పోతుంది.

డబ్బాలో పెట్టే ముందు పూర్తిగా చల్లారాయో లేదో చూసుకోండి, ఏమాత్రం వెచ్చగా ఉన్నా మూత కింద ఆవిరి పట్టి పడ్డ కష్టమంతా పోతుంది. మర్నాటికి మెత్తబడినా పారేయకండి, 160లో నాలుగైదు నిమిషాలు మళ్లీ మెషిన్‌లో పెడితే మళ్లీ కరకరలాడతాయి.